ఆరున్నొకటి

నవంబరు 6

గాలి ఈశాన్యం. పడవలు ఆలస్యం. ఎండ్రకాయలు చిన్నవి, సగం వెనక్కి పంపేశాం. డిపోలో పని పదకొండుకే అయిపోయింది.

మధ్యాహ్నం రెండూ పదికి వదిలేశాను.

మూడు నిమిషాల నలభై సెకన్ల బొమ్మల వీడియో. ఫోను మీద వేలితో గీసి గీసి తయారుచేయడానికి నాలుగు నెలలు పట్టింది. పేరు ‘ఎండ్రకాయ పరిశోధన: సైరన్ గుట్టు’. చానల్ పేరు ‘అడ్డనడక’. నా పేరు ఎక్కడా లేదు. ఉండబోదు కూడా.

సాయంత్రం ఐదుకి చూసినవాళ్ళు ముగ్గురు. అందులో ఇద్దరు నేనే.

నవంబరు 6+1

ఇవాళ్టికి ఐదు. నాలుగు నావి. మిగిలిన ఆ ఒక్కరు ఎవరు?

తూకం దగ్గర నిలబడి అదే ఆలోచిస్తుంటే ఒక ఎండ్రకాయ నా బొటనవేలు పట్టుకుంది. నొప్పి పుడుతోంది, నవ్వూ వస్తోంది. పక్కనున్నవాళ్ళు భయపడ్డారు. నేను నవ్వగా వాళ్ళు ఎప్పుడూ చూడలేదట.

నవంబరు 8

ఎందుకు చేశానో ఒకసారి రాసి పెట్టుకోవాలి. లేకపోతే తర్వాత నాకు నేనే వేరే కారణం చెప్పుకుంటాను.

మా పాలెంలో తుఫాను షెల్టరు మీద సైరన్ పెట్టి రెండేళ్ళయింది. నెలకొకసారి మోగించి చూస్తారు. మోగిన ప్రతిసారీ మాల్యాద్రి బావ తన టీ అంగడి ముందుకొచ్చి ఆకాశం వైపు చూస్తాడు. ఆయన మా ఆవిడ వనజాక్షికి అన్న. మర్నాడు వాన పడితే, “చూసినారా, పిలిచినారు, వచ్చింది” అంటాడు. పడకపోతే, “ఈ తూరి వేరే ఊరికి పంపినారు” అంటాడు. తుఫానును ఆ సైరనే పిలుస్తోందని ఆయన వాదన.

పోయిన సంవత్సరం నిజంగా మోగినప్పుడు పాలెంలో సగం మంది షెల్టరుకు రాలేదు. బావ అంగడిలో తలుపేసుకుని కూర్చున్నారు. అంగడికీ సముద్రానికీ మధ్య నలభై అడుగుల ఇసుక. అల గడప దాకా వచ్చి తిరిగిపోయింది. “లోపలికి రాలేదు గదా? మనం సైరన్‌కి బదులు పలకలా, అందుకని” అన్నాడు బావ.

ఆ నలభై ఇప్పుడు ముప్పై ఒకటి. నేను అడుగులేసి కొలిచాను. ఆ సంగతి బావకు చెప్పాలని మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ టీ తాగి వచ్చాను.

నోటితో రానిది వేలితో గీశాను. అంతే కారణం. పేరు కోసం కాదు.

ఇరవై రెండు మంది చూశారు.

నవంబరు 9

‘మన పాలెం’ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టేశారు. వనజాక్షి నంబరు నుంచి వచ్చింది. అంటే ఆమెకు ఎవరో పంపి ఉంటారు.

డిపో పాత రిజిస్టరులో ఈ వెనక పేజీలు ఎలాగూ ఖాళీ. రెండు గడులు గీశాను. జమ: నవ్వినవాళ్ళు. ఖర్చు: తిట్టినవాళ్ళు. రోజూ సాయంత్రం ఒక్కసారే చూసి రాసుకుంటాను. మాటిమాటికీ ఫోను తీయడం నాకు నచ్చని పని.

ఇవాళ పంతొమ్మిది సార్లు తీశాను.

నవంబరు 10

ఉదయం ఆరున్నరకు బావ అంగడి. బల్ల మీద ఎనిమిది మంది, అందరికీ కలిపి ఒకే ఫోను. అది హజరత్తయ్య మామ చేతిలో ఉంది. ఆయనకు డెబ్బై దాటాయి, వేటకు పోవడం మానేసి నవ్వడమే పనిగా పెట్టుకున్నాడు. నేను చివర కూర్చుని గ్లాసులోకి చూస్తున్నాను.

నా ఎండ్రకాయ వచ్చింది. భుజాన తువాలు. ఒక కన్ను పైకి లేచి ఉంటుంది. అలలను చూస్తూ మొదలుపెట్టింది.

“అలలన్నీ ఒడ్డుకే ఎందుకొస్తుండాయి? ఒక్కటన్నా అటు తిరిగి పోతుండాదా? ఊరికే జరగతాదా? కింద మోటారు ఉండాది. సరే. కరెంటు బిల్లు ఎవురు కడుతుండారు?”

తర్వాత తన కాళ్ళు లెక్కపెట్టుకుంది. “లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది, తొమ్మిది, పది. పది కాళ్ళు ఎవురికన్నా ఉంటాయా? ఎనిమిది నావి. రెండు వాళ్ళు తగిలించినవి.”

ఆ తర్వాత సైరన్ దగ్గరికి వచ్చింది. “సైరన్ లేని ఊర్లో తుఫాను వచ్చిందని ఎవురన్నా సైరన్ కొట్టి చెప్పినారా? చెప్పలా. అంటే రాలా.” అంతలో సైరన్ మోగుతుంది. వినపడకుండా తన బొక్కను ఇసుకతో పూడ్చుకుని లోపల కూర్చుంటుంది. అల వస్తుంది. చివరికి ఒక తెగిన చెప్పు మీద, సముద్రం నడిమధ్యలో, తువాలు పిండుకుంటూ అంటుంది: “ఇది కూడా వాళ్ళ పనే.”

హజరత్తయ్య మామకు టీ ముక్కులోంచి వచ్చింది. ఇద్దరు వీపు మీద చరిచారు. బల్ల ఊగిపోయింది. నా గ్లాసులో టీ కూడా ఊగింది. నేను నవ్వలేదు. పెదవి లోపల కొరుక్కున్నాను. ఇప్పటికీ మంటగా ఉంది.

బావ గిన్నె దించి వచ్చాడు. “మళ్ళీ పెట్టు” అన్నాడు. చూశాడు. “మళ్ళీ.” ఐదుసార్లు చూశాడు. నాకు చెవులు వేడెక్కాయి.

“మగోడురా వీడు” అన్నాడు. “ఇన్నాళ్ళకి నిజం చెప్పేవోడు ఒకడు దొరికినాడు. సైరన్ సంగతి నాకు తెలుసు. ఆ మోటారు సంగతే... నాకు తట్టలేదే!”

మామకు మళ్ళీ పొలమారింది.

ఇంటికొచ్చి మూడో గడి గీశాను. నమ్మినవాళ్ళు. మొదటి పేరు రాశాను.

నవంబరు 12

నాలుగు వేలు. నాలుగు వేల మంది మనుషులు! మా పాలెం, పక్క పాలెం, బోగోలు మొత్తాన్ని తెచ్చి ఇసుకలో కూర్చోబెట్టినట్టు.

కామెంట్లు ఒక్కసారే చదివాను. తర్వాత మూడుసార్లు చదివింది సరిచూసుకోవడానికి.

కోట నుంచి ఒకాయన: మా ఇంటిల్లిపాదీ అన్నం ముందు కూర్చుని ‘ఊరికే జరగతాదా’ అనుకుంటున్నాం. జమ.

విడవలూరు నుంచి ఒకాయన: మా వైపు కూడా మోటారు ఉంది, గాలి ఆగినప్పుడు చెవి పెడితే వినపడుతుంది, మీ ధైర్యానికి దండం. మూడో గడి.

సైన్సు మాస్టారు ఒకాయన: ఇలాంటి మూఢనమ్మకాలను ప్రచారం చేసే చానల్‌ను వెంటనే మూసివేయించాలి. ఆయనను ఏ గడిలో వేయాలి? తిట్టాడు కాబట్టి ఖర్చు. కానీ నేను నిజంగా మోటారు ఉందంటున్నానని నమ్మాడు కాబట్టి మూడోది. రెండింటిలోనూ వేశాను.

మత్స్యకారులను ఎగతాళి చేస్తావా, నీకు సముద్రం అంటే తెలుసా, అని ఒకతను. ఆయన ఊరు హైదరాబాదు. ఖర్చు.

అన్నిటికంటే పెద్దది ఒక పేజీ నిండా ఉంది. “గమనించారా? ఎండ్రకాయ ‘ఒకటి’ అనలేదు, ‘లాభం’ అంది. ఎవరికి లాభం? ఆలోచించండి. ‘ఏడు’ అనలేదు, ‘ఆరున్నొకటి’ అంది. దాచిన అంకెలు ఒకటి, ఏడు. కలిపితే పదిహేడు. ఈ నెల పదిహేడున ఏదో జరగబోతోంది. ఇతను లోపలి మనిషి. మనకు సైగ చేస్తున్నాడు.” కింద మూడు వందల మంది అవునన్నారు.

నేను మంచం మీద పడి దిండు నోట్లో కుక్కుకుని నవ్వాను. వనజాక్షి తలుపు దగ్గరికి వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

మా అమ్మ చేపల గంప ముందు కూర్చుని లెక్కపెట్టేది. మొదటిదాన్ని ఒకటి అంటే ఒంటరిదైపోతుందని లాభం అనేది. ఏడు అంటే ఏడుపు కదా, అందుకని ఆరున్నొకటి. మా వైపు లాభం అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆరున్నొకటి అమ్మతోనే పోయింది. నేను డిపోలో నోరు తెరవకుండా లెక్కపెడతాను కాబట్టి నాలో మిగిలిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. ఐసు గదిలో థర్మాకోల్ పెట్టె నెత్తిన బోర్లించుకుని, ముక్కుకు బట్టల క్లిప్పు పెట్టుకుని గొంతు రికార్డు చేస్తుంటే అమ్మ లెక్క దానంతటదే వచ్చేసింది. తీసెయ్యబుద్ధి కాలేదు.

నవంబరు 14

జరగకూడనిది జరిగింది.

గ్రామ సచివాలయంలో పనిచేసే అనూష టీకి వచ్చింది. సైరన్ మోగించేది ఆ అమ్మాయే. బావ తువాలు విదిలించి భుజాన వేసుకుని, కన్నెత్తి, “ఏమ్మా, మళ్ళీ ఎప్పుడు పిలుస్తుండావు తుఫానుని?” అన్నాడు.

ఆ అమ్మాయి గ్లాసు పట్టుకుని ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కిసుక్కుమంది. “మాల్యాద్రన్నా! ఆ ఎండ్రకాయ నువ్వే గదన్నా! అదే తువాలు. అదే కన్ను. అయ్యో, మాట కూడా అదే!”

బల్ల మీదివాళ్ళు గ్లాసుల్లోకి చూశారు. అందరికీ మొదటి రోజే తెలుసు. ఆయనకు తప్ప.

బావ ఫోను తీసి ఆరోసారి చూశాడు. ఈసారి ఒక్కడే, అటు తిరిగి. చూశాక పొయ్యి ఆపేశాడు. ఉదయం ఎనిమిదికి టీ అంగడి మూసిన రోజు నాకు తెలిసి ఇంతవరకు లేదు.

సాయంత్రం తెరిచి ఒకే మాట అన్నాడు. “వాడు దొరకాల. తుఫాను వచ్చినా, భూకంపం వచ్చినా, వాడు యాడున్నాడని తెలిస్తే కెటిలు ఎత్తుకుని పోయి కాగే టీ వాడి నెత్తిన పోస్తా. పొయ్యకపోతే నా పేరు మాల్యాద్రి కాదు.”

నేను టీ తాగాను. వేడిగానే ఉంది.

నవంబరు 16+1

కామెంట్లలో పొద్దుటి నుంచీ కాపలా. ఇంకా ఏమీ జరగలేదు, జాగ్రత్త. మధ్యాహ్నం అయింది, జాగ్రత్త. ఒకాయన ఇంట్లో కరెంటు పోయింది, మొదలైంది అన్నాడు. మళ్ళీ వచ్చింది.

సాయంత్రానికి తేల్చేశారు. మనం ముందే బయటపెట్టడం వల్ల వాళ్ళు విరమించుకున్నారట. ఒకరికొకరు అభినందనలు చెప్పుకున్నారు. పనిలో పనిగా నాకు కూడా.

ముప్పై ఒక్క వేలు.

నవంబరు 19

బావ పరిశోధన మొదలుపెట్టాడు. ఒక్కొక్కరిని బల్ల మీద కూర్చోబెట్టి, ముక్కు మూయించి, ‘ఊరికే జరగతాదా’ అనిపిస్తున్నాడు. కళ్ళు మూసుకుని వింటాడు. తల అడ్డంగా ఊపి, “నువ్వు కాదు. పో” అంటాడు. హజరత్తయ్య మామ మధ్యలో నవ్వాడని మూడుసార్లు చెప్పించాడు.

“వీడు ఒకడు కాదబ్బా” అంటున్నాడు. “గీసేవోడు ఒకడు, రాసేవోడు ఒకడు. వెనకాల ఆ అనూష ఉండాది. దాని వెనకాల ఎవురుండారో అది తేలాల.”

నా వంతు వచ్చింది. ముక్కు పట్టుకున్నాను.

“నువ్వొద్దులే బావా” అన్నాడు. “నీ గొంతు ఎట్టా ఉంటాదో నాకే గుర్తు లేదు. టీ తాగు.”

బతికిపోయాను. సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది. ఇరవై రెండేళ్ళ బంధుత్వం.

నవంబరు 23

వనజాక్షి సంత నుంచి బట్టల క్లిప్పులు డజను తెచ్చింది. “ఒకటి కనపడడం లేదు, ఐసు వాసన కొడుతూ దొరుకుతుందేమో” అంది. రాత్రికి ఎండ్రకాయ పులుసు. వడ్డిస్తూ, “కాళ్ళు లెక్కపెట్టుకుని తిను” అంది.

ఆమెకు ఏమీ తెలియదు. తెలిస్తే అడిగేది.

నవంబరు 26

బల్ల మీద నవ్వు లేదు. బావ టీ పోస్తాడు, గ్లాసు పెడతాడు, వెళ్ళిపోతాడు. తువాలు భుజాన వేసుకోవడం మానేశాడు. వంకీకి తగిలిస్తున్నాడు. వచ్చే పోయే వాళ్ళు ఆ వంకీనే చూస్తున్నారు.

ఎనభై వేల మందిని నవ్వించాను. ఒక మనిషి భుజం మీద తువాలు తీయించాను. ఇది ఏ గడిలో రాయాలో తెలియక మూడు గడులూ ఖాళీగా వదిలేశాను.

వీడియో తీసేద్దామని మీట దాకా వెళ్ళాను. ‘మీరు నిజంగా తొలగించాలనుకుంటున్నారా?’ అని అడిగింది. నన్ను ఏదైనా అంత మర్యాదగా అడిగినవాళ్ళు లేరు. ‘వద్దు’ నొక్కి ఫోను బోర్లించాను.

నవంబరు 30

వాయుగుండం. పడవలన్నీ లాగేశారు. డిపోకు సెలవు.

వింత ఏమిటంటే, పాలెంలో అందరూ షెల్టరుకు పోతామంటున్నారు. పోయినసారి బావతో అంగడిలో కూర్చున్నవాళ్ళు కూడా. ఎవరైనా వెనకాడితే పక్కవాళ్ళు, “ఏంది, బొక్క పూడ్చుకుంటావా?” అంటున్నారు. అంతే, మూట కడుతున్నారు. గెలిచాను! పాలెం వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను. అడ్డంగా నడవబుద్ధయింది.

చివర బావ అంగడి. లోపల ఒక్కడే గోనె సంచుల్లో ఇసుక నింపుతున్నాడు.

“నేను రాను. చెల్లెలికి చెప్పు” అన్నాడు. “ఎండ్రకాయని గదా. బొక్కలోనే ఉంటా.”

సముద్రానికి ఎంత దూరం ఉందో కొలిచాను. పంతొమ్మిది.

డిసెంబరు 1

చెప్పడానికి వెళ్ళాను. టీ తాగి వచ్చాను.

డిసెంబరు 3

నిన్న రాయడం కుదరలేదు. నిన్నటిదంతా ఇప్పుడు రాస్తున్నాను. నవ్వు ఇంకా తగ్గలేదు.

మధ్యాహ్నం మూడింటికి సైరన్ మోగింది. వాన అడ్డంగా కొడుతోంది. జనం మూటలతో, కోళ్ళతో మెట్లెక్కుతున్నారు. షెల్టరుకు వచ్చినవాళ్ళెవరో, బంధువుల ఊళ్ళకు పోయినవాళ్ళెవరో కలగాపులగంగా ఉంది. అనూష మైకులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. నా చేతిలో జాబితా పెట్టి గుసగుసగా, “అన్నా, లెక్క మీకే బాగా వచ్చు. గట్టిగా పెట్టండన్నా, కరెంటు లేదు, నాకు కనపడడం లేదు. నూట...” అని అంకె వేళ్ళతో చూపించింది. నూటా ఆరున్నొకటి మంది ఉండాలి.

గట్టిగా. నేను. తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి భుజం ముట్టుకుంటూ, జాబితాలో పేరు మీద గీత గీస్తూ లెక్క మొదలుపెట్టాను. మనుషులు తడిసి ఉన్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, నా ధ్యాసంతా లెక్క తప్పకూడదనే. “లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది...”

హాలు నిశ్శబ్దమైపోయింది. నేను గమనించలేదు. పదహారు దాటి, “పదహారున్నొకటి” అన్నాను.

“ఎండ్రకాయ!” అని ఒక పిల్ల కేక పెట్టింది.

హజరత్తయ్య మామ గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు. “శంకరా? మన శంకరుడా? ఓరి నాయనా, నన్ను లేపండి, నన్ను లేపండి!” అని పొట్ట పట్టుకున్నాడు. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరో నా వీపు చరిచారు. ఎవరో చెవి మెలిపెట్టారు. ఒకామె, “మోటారు ఉండాదా లేదా, ఇప్పుడే చెప్పు” అని చొక్కా పట్టుకుంది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. అక్కడే ఉండి ఇంకొంచెం సేపు వినాలని కూడా అనిపించింది. లెక్క ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదటి నుంచి.

“నూటా ఆరు.” అక్కడ భుజాలు అయిపోయాయి.

జాబితాలో గీత పడని పేరు ఒక్కటే. నాకు జాబితా అవసరం లేకుండానే తెలుసు.

అనూష ఫోను చేసింది, కట్ చేశాడు. వనజాక్షి చేసింది, “తలుపేసుకున్నా, ఫోను పెట్టెయ్ మ్మే” అన్నాడు. మెట్ల మీది నుంచి చూస్తే అంగడి ముందు ఇసుక లేదు. తెల్లటి నురుగే. ఇద్దరు కుర్రవాళ్ళను పంపిస్తానని అనూష అంటే హజరత్తయ్య మామ నవ్వు ఆపి, “ఎవురు పోయినా రాడమ్మా. వాడు ఒక్కదానికే వస్తాడు” అని నా వైపు చూశాడు.

మైకు బ్యాటరీ మీద పనిచేస్తోంది. చేతిలోకి తీసుకున్నాను. వనజాక్షి మూట విప్పి, చీరల మధ్య నుంచి ఒక బట్టల క్లిప్పు తీసి నా ముక్కుకు పెట్టింది. “కానీ” అంది.

అంటే ఆమెకు తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో అడగాలి.

“మాల్యాద్రీ!” అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆయనను పేరు పెట్టి పిలవలేదు. సముద్రం మీద నా గొంతు పరుగెత్తింది. “ఒరే మాల్యాద్రీ! నేను ఎండ్రకాయని! నీ తువాలు ఎత్తుకొచ్చింది నేనే. నీ కన్ను ఎత్తుకొచ్చింది నేనే. నీ మాట ఎత్తుకొచ్చింది నేనే. షెల్టరు మెట్ల మీద నిలబడుండా. దమ్ముంటే వచ్చి పట్టుకో! పది లెక్కపెడతా, ఆపైన దొరకను. లాభం!”

ఏమీ లేదు. వాన.

“రెండు! మూడు!”

అంగడి తలుపు ఒక రెక్క తెరుచుకుంది.

“నాలుగు! ఐదు!”

వచ్చాడు. లుంగీ ఎగగట్టి, భుజాన తువాలు, చేతిలో కెటిలు. మోకాలి లోతు నీళ్ళలో ఆ కెటిలు ఒలకకుండా పైకెత్తి పట్టుకుని పరుగు. హాల్లో వాళ్ళందరూ కిటికీల దగ్గరికి చేరి, “రా! రా! రా!” అని అరుస్తున్నారు. నాకు ఏడుపు రావాలి, కానీ నవ్వు వచ్చింది. “ఆరు!” అన్నాను. ఆయన కాలు జారి కూర్చున్నాడు. కెటిలు మాత్రం పైనే ఉంది. “ఆరు!” లేచాడు. “ఆరు! ఆరు!”

మెట్లెక్కి తలుపులో నిలబడ్డాడు. నీళ్ళు కారుతున్నాయి. నేను మైకు దించి, ఆయన భుజం ముట్టుకున్నాను. “ఆరున్నొకటి” అన్నాను. జాబితాలో గీత గీశాను.

“బావా, నువ్వు పక్కకి తప్పుకో” అన్నాడు. “వాడేడీ?”

“నేనే బావా.”

“ఎవుర్రా వాడు? యాడ దాచినారు?”

“నేనే.” ముక్కుకు ఇంకా క్లిప్పు ఉంది.

ఆయన నన్ను చూశాడు. క్లిప్పును చూశాడు. హాలంతా చూశాడు. ఒక కన్ను పైకి లేచింది.

“శంకరం బావ?” అన్నాడు. “దాహమైతే నోరు తెరిచి నీళ్ళడగడీయన! ఎవుర్ని కాపాడేదానికి ఈయన్ని తెచ్చి నిలబెట్టినారు? చెప్పండి. అమాయకుడు దొరికినాడని ముక్కుకి క్లిప్పు కూడా పెట్టినారు. ఊరికే జరగతాదా ఇదంతా?”

మోటారు ఉందని నమ్మిన మనిషి నన్ను నమ్మలేదు.

షెల్టరు పైకప్పు లేచిపోతుందేమో అన్నంతగా నవ్వారు జనం. ఆ నవ్వులో ఎవరికీ బయటి శబ్దం వినపడలేదు. కిటికీ దగ్గరున్న వనజాక్షి ఒక్కతే, “అన్నా” అంది మెల్లగా.

అందరం చూశాం. అల వెనక్కి పోతోంది. టీ అంగడి ఉన్న చోట నాలుగు గుంజలు ఉన్నాయి.

బావ అటు చూశాడు. తర్వాత కెటిలు మూత తీసి, హజరత్తయ్య మామ గ్లాసు పట్టుకుంటే పోశాడు. అందరికీ తలా గుక్కెడు వచ్చింది. అప్పటికి చల్లారిపోయింది.

డిసెంబరు 5

వాన వెలిసింది. బావ, నేను గుంజల దగ్గరికి వెళ్ళాం. బల్ల దూరంగా ఇసుకలో బోర్లా పడి ఉంది. పొయ్యి లేదు. ఆయన తువాలు తీసి పిండాడు. అది పొడిగానే ఉంది, అయినా పిండాడు.

“ఇది కూడా వాళ్ళ పనే” అన్నాడు.

నా వైపు చూడకుండానే అన్నాడు. పెదవి చివర కదిలింది. నేను అది చూశానని ఆయన చూశాడు.

“నలభై అడుగులు ఉండె” అన్నాడు. “ఎప్పుడు తగ్గిందో.”

“పోయిన నెల ముప్పై ఒకటి బావా. ఆదివారం పంతొమ్మిది. నేను కొలిచినా.”

“కొలిచినావా? మరి నాకు చెప్పలేదే?”

“వచ్చినా. నాలుగు తూర్లు.”

“వచ్చి?”

“టీ తాగినా.”

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. వంగి బల్లకు ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం దాన్ని ఇసుకలోంచి లేపి షెల్టరు వైపు మోసుకొచ్చి మెట్ల పక్కన వేశాం. వనజాక్షి పొయ్యి తెచ్చింది. అనూష పాలు తెచ్చింది. బావ మొదటి గ్లాసు నాకు పోసి, పట్టుకుని ఇవ్వకుండా నిలబడ్డాడు.

“నీ నెత్తిన పోస్తానని ఒట్టు పెట్టుకున్నా” అన్నాడు. “నువ్వే వాడివని నేనింకా నమ్మలా. అది వేరే లెక్క. కానీ ఈ తూరి ఊరికే తాగి పోతే మాత్రం పోస్తా. కూర్చో. నువ్వు మాట్లాడతా తాగు.”

కూర్చున్నాను. మాట్లాడాను. మూడు గ్లాసులు అయ్యాయి.

ఫోను ఇవాళ తీయలేదు. తీయలేదని ఇప్పుడే, ఇది రాస్తుంటే, గుర్తొచ్చింది.

మూడో గడిలో బావ పేరు అలాగే ఉంచాను. జమ గడిలో కూడా ఆయన పేరే వేసి, పక్కన అంకె బదులు అమ్మ మాట రాశాను. లాభం.